కుప్ప మీది నీలం బరకం

కెమెరా కొన్న కొత్తలో, నేను మనుషుల్ని ఫొటోలు తీయననీ ప్రకృతిని మాత్రమే తీస్తాననీ శ్రీకాకుళంలో మా కాలేజీ స్టాఫ్ రూములో ప్రకటించాను. అసలు సంగతేమిటంటే, మనుషుల్ని తీస్తే ఎలా వచ్చిందో చూపించమంటారు. కొండలు అడగవు. ఆ ధైర్యంతోనే మూడేళ్లు కొండల్ని తీశాను. లెక్కల మేష్టారిలో ఇంత కళ ఉందని తోటివాళ్లంతా నమ్మినట్టు నటించారు. మా ఆవిడ ఆ మాత్రం నటన కూడా చెయ్యలేదు.

ఒక డిసెంబరు ఆదివారం మా అక్క మొగుడి మోటారు సైకిలు వెనకెక్కి సాలూరు దాటి ఘాట్ రోడ్డు వైపు వెళ్లాను. బావ సాలూరులో లారీ మెకానిక్కు. ఆయన ధ్యాసంతా దారిలో తినబోయే టిఫిను మీదే ఉంది.

ఘాట్ ఇంకా మొదలవకుండానే నాకు కావలసింది కనిపించింది. కోత అయిపోయిన మడి, అందులో గుండ్రంగా వేసిన వరికుప్ప, దాని వెనక మూడు వరసల కొండలు. మబ్బుల సందులోంచి ఎండ సరిగ్గా కుప్ప మీదే పడుతోంది. ఒక్కటే లోపం. కుప్పకి నీలం రంగు ప్లాస్టిక్ బరకం కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టారు. పక్కనే అరవై దాటిన ఒకావిడ రాలిన వెన్నులు ఏరుకుంటోంది.

"అమ్మా, ఒక్క ఐదు నిమిషాలు ఆ బరకం తీస్తారా? ఫొటో తీసుకుంటాను."

"బరకమేటి సేసింది బాబూ నిన్ను?"

"ఆ రంగు బాగోదమ్మా."

"కొత్తదే. మొన్ననే కొన్నాం," అంది నొచ్చుకుంటూ. తరవాత కొండల వైపు చెయ్యి చూపించింది. "మబ్బేస్తంది. వర్సం వస్తాది."

నేను ఫోను తీసి అందులో సూర్యుడి బొమ్మ చూపించాను. సాయంత్రం దాకా చినుకు పడదని, మొదటి బెంచీ పిల్లలకి సూత్రం చెప్పినంత ధీమాగా చెప్పాను.

"ఒరే, ఆవిడ రోజూ సూసే మబ్బురా అది. నీ ఫోనుకేటి తెలుస్తాది?" అన్నాడు బావ.

ఆవిడ నా కళ్లద్దాలకేసీ ట్రైపాడుకేసీ చూసింది. "సదువుకున్న బాబు సెప్తన్నాడు గదా," అని మొదటి రాయి తనే తీసింది. ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది.

ట్రైపాడు నిలబెట్టడానికే పావుగంట పట్టింది. ఒక కాలు సరిచేస్తే ఇంకో కాలు బురదలో దిగేది. ఈలోగా ఎండ పోయింది. మళ్లీ వస్తుందని ఆగాను. కొంగు ఫొటోలో పడుతోందని ఆవిణ్ణి పక్కకి జరగమన్నాను. ఆవిడ తన మడిలో తనే పక్కకి జరిగి నిలబడింది. ఐదు ఫొటోలయ్యాయి. ఆరోది తియ్యబోతుంటే మెడ మీద చినుకు పడింది.

ఆవిడ కుప్ప దగ్గరికి పరుగెత్తింది. బావ బరకం కోసం పరుగెత్తాడు. నేను చొక్కా విప్పి కెమెరాకి కప్పాను.

"దాన్నొగ్గీ బాబూ! ఇటొచ్చి పట్టు!" అని ఆవిడ అరిచింది.

గాలికి బరకం తెరచాపలా లేచింది. బావ కుప్పెక్కి ఒక కొస లాగాడు, రెండోవైపు అంచు మీద ఆవిడ కూర్చుంది. రాళ్లు వెతికే వ్యవధి లేదు. "ఆ అంచు మీద పడుకోరా!" అన్నాడు బావ. పడుకున్నాను. వీపు మీద వాన, ముక్కులో గడ్డి. అరగంట అలాగే ఉన్నాను.

"ఆపక్క రాళ్లక్కర్నేదు. బాబు బరువుగానే ఉన్నాడు," అంది ఆవిడ బావతో. అంత వానలోనూ ఆయన పగలబడి నవ్వాడు.

వాన వెలిశాక చూస్తే పై రెండు వరసల పనలు తడిసిపోయాయి. తప్పయిపోయిందన్నాను. "ఏటి సేస్తాం. ఎండెడితే ఆరతాయి," అంది. తిట్టినా బాగుండేది. తడిసిన పనలు దించి గట్టు మీద పరిచేసరికి పొద్దు వాలింది. బావ రెండు మోస్తే నేను ఒకటి మోశాను, అదీ సగం దారిలో విడిపోయేది. ఇంటికెళ్లి చూసుకుంటే ఐదు ఫొటోల్లోనూ బూడిదరంగు తప్ప ఏమీ లేదు.

మనసాగక తరవాతి ఆదివారం బస్సెక్కి ఒక్కణ్ణే వెళ్లాను. పనలు ఆరాయి. కుప్ప మళ్లీ బరకం కప్పుకుని ఉంది. నన్ను దూరంనుంచే చూసి ఆవిడ దానికి అడ్డంగా నిలబడింది.

"బరకం తియ్యను. ముందే సెప్తన్నాను."

అందుకు రాలేదన్నాను. కాసేపు నన్ను పరకాయించి చూసి, కెమెరా తెచ్చానా అని అడిగింది. గేదెకి బీమా చేయించాలట. చెవికున్న బిళ్ల మీది నంబరు తన ఫోనులో సరిగ్గా పడటం లేదట.

గేదెని గట్టు మీద నిలబెట్టి, వెనక కొండలు వచ్చేలా తీసి చూపించాను.

"ఈ కొండలెందుకు బాబూ? సెవి సూపించు. నంబరు కనపడాల."

ఈగలకి గేదె చెవి ఆడిస్తూనే ఉంది. పదకొండుసార్లు తీశాను. చివరికి చెవి తప్ప ఇంకేమీ లేని ఫొటో ఒకటి వచ్చింది. ఆవిడ తెర మీద అంకెలు ఒక్కొక్కటీ వేలితో తాకుతూ పోల్చుకుంది. ప్రింటు తీయించి తెస్తానన్నాను.

"తెద్దువు గానీ, రెండో సెవి కూడా తియ్యి. ఆళ్లేటి అడుగుతారో."

నేను గేదెకి అవతలి పక్కకి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చున్నాను.