పెన్సిల్ గుర్తు పెట్టిన చోట

2019 జూన్‌లో నన్ను భద్రాచలం నుంచి మా బ్యాంకు సత్తుపల్లి బ్రాంచికి స్కేల్ టూ ఆఫీసరుగా బదిలీ చేశారు. అప్పులు చూసే పనితో పాటు మ్యూచువల్ ఫండ్లు అమ్మే డెస్కు కూడా నా మెడకు తగిలించారు. నెలకింత అని టార్గెట్. ఊరి పక్క ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగితే బ్రాంచి కిటికీలు అదిరేవి. నేను మాత్రం పై ఆఫీసు ఫోనుకే అదిరేవాణ్ణి.

ఆ గనిలో డంపర్ ఆపరేటరుగా రిటైరైన రాజమల్లు డిసెంబరులో గ్రాట్యుటీ డబ్బుతో వచ్చాడు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ గిట్టుబాటు కావడం లేదన్నాడు. నేను పాఠం మొదలుపెట్టాను. షేరంటే కంపెనీలో చిన్న వాటా, పెరగొచ్చు, పడొచ్చు. బాండంటే ప్రభుత్వానికో కంపెనీకో మనమిచ్చే అప్పు, వడ్డీ ముందే తెలుస్తుంది, ఒడిదుడుకులు తక్కువ. ఫండంటే చాలామంది డబ్బు పోగుచేసి ఒక మేనేజరు వీటిని కొనిపెట్టడం. షేర్ల ఫండు పదేళ్లలో బాగా పెరగొచ్చని చెప్పాను. అందులో అబద్ధం లేదు. ఆ డబ్బు ఆయనకు ఎప్పుడు కావాలో మాత్రం అడగలేదు.

మా దగ్గర ఒక అలవాటుండేది. ఫారంలో సంతకం చేయాల్సిన చోట పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టేవాళ్లం. కస్టమరు ఆ గుర్తుల దగ్గర సంతకాలు చేసి వెళ్లేవాడు, మిగతాది మేమే నింపేవాళ్లం. అందులో రిస్క్ ప్రొఫైల్ అని ఒక పేజీ ఉంటుంది. నష్టం ఎంతవరకు తట్టుకోగలడో కస్టమరే చెప్పాలి. 'తక్కువ' అంటే షేర్ల ఫండు అమ్మకూడదు. రాజమల్లు డబ్బంతా షేర్ల ఫండులో పెట్టడానికి సంతకాలు చేసి వెళ్లాక, నేను 'ఎక్కువ' దగ్గర టిక్ పెట్టాను.

2020 మార్చిలో కరోనా భయానికి మార్కెట్ కుప్పకూలింది. లాక్‌డౌన్‌కు వారం ముందు రాజమల్లు ముక్కుకు కండువా కట్టుకుని వచ్చాడు. ఆయన దగ్గరే ఉండే చెల్లెలు లచ్చమ్మకు గుండె వాల్వు మార్చాలట.

"కంపెనీ దవాఖానల చెల్లెను చూడరు సార్. జల్దీ జెయ్యాలె అన్నడు డాక్టరు. పైసలన్ని తీసియ్యున్రి."

పావు వంతుకు పైగా పోయిందని చెప్పాను.

"గట్లెట్ల పోతయ్ సార్? నేనేం సంతకం పెట్టిన్నో జర చూపియ్యున్రి."

ఫైలు తెచ్చి ఆయన ముందు పెట్టాను. గొడవ చేస్తే ఎంక్వైరీ, ఎంక్వైరీ అయితే పెన్షన్‌కు ఎసరు. నాకు ఇంకా పద్నాలుగు నెలల సర్వీసుంది. ఆయన పేజీ మీద వేలు పెట్టి తన పేరు వెతుక్కున్నాడు.

"అవ్ సార్, సంతకం నాదే. తప్పు గూడ నాదే."

నా టిక్కు ఆ సంతకానికి నాలుగు వేళ్ల పైన ఉంది. అది నేను పెట్టిందేనని చెప్పకుండా ఫైలు మూసేశాను.

కంపెనీ క్వార్టర్ ఖాళీ చేశాక ఇల్లు కట్టుకుందామని కొన్న జాగాను ఆయన పక్కింటివాళ్లకు అగ్గువకు, వచ్చినంతకే అమ్మేశాడు. లచ్చమ్మ బతికింది. రాజమల్లు ఇప్పటికీ కిరాయి ఇంట్లోనే ఉన్నాడు.

కొత్తగా పెట్టుబడి పెట్టేవారికి చెప్పగలిగింది ఇదే. ఒకటి రెండేళ్లలో కావలసిన డబ్బు బ్యాంకులో ఉండాలి, షేర్లలో కాదు. ఆ ఏడాదే మార్కెట్ కోలుకుంది, కానీ ఆపరేషన్ అంతదాకా ఆగేది కాదు. రిస్క్ పేజీ మీ చేత్తో మీరే నింపండి. ఆ తర్వాత ఆడిట్‌లో రాజమల్లు ఫైలు చూసి, అన్నీ సక్రమంగా ఉన్నాయని రాశారు.