రంజన్ అడుగున ఒక చెంబు నీళ్లు

మే నెల, రెండో ఆదివారం. బోధన్‌లో మా ఇల్లు. ఉన్నవారు: నేను, నా భార్య శకుంతల, కాన్పుకు వచ్చిన మా బిడ్డ సరిత, ఆమెను చూసిపోదామని మాక్లూర్ నుంచి వచ్చిన అల్లుడు రమేశ్, పక్కింటి గంగామణి.

ఆ రోజు డైరీలో ఇంతే రాసుకున్నాను: సరిత అన్నం ముట్టలేదు, పోపు వాసనకు వాంతి. ఎనిమిదో నెల, ఎండాకాలం. వాంతి కావడం వింతగా అనిపించలేదు. గంగామణి కూడా అదే అన్నది.

"ఎండ గొట్టింది, గంతే. నీళ్లు మంచిగ తాపు వదినె. అన్న డబ్బల కాగవెట్టిన నీళ్లున్నయి గద. ఏమన్నా, ఇగ అన్నం గూడ గా డబ్బలనే వండరాదు? వదినెకు పొయ్యికాడి పీడ పోతది."

సరిత నవ్వింది. శకుంతల రంజన్‌లో, అంటే మా పెద్ద మంచినీళ్ల కుండలో, చెంబు ముంచి గ్లాసు నిండా నీళ్లు పోసి ఇచ్చింది. సరిత ఆపకుండా తాగేసింది.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. నేను చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా గల్లీకి నల్లా పైపు మురుగు మోరీ పక్క నుంచే వస్తుంది. కొన్ని రోజులు నీళ్లు పట్టగానే వాసన తెలుస్తుంది. సరిత కాన్పుకు వస్తుందని తెలిశాక, ఎండతో నీళ్లు కాచే పెట్టె ఒకటి స్వయంగా తయారు చేశాను. చెక్క పెట్టె, గోడల మధ్య వరి పొట్టు, లోపల అల్యూమినియం కాగితం, పైన గాజు పలక. అందులో బయట నల్లరంగు పూసిన గిన్నె, దానికి గాజు మూత. గిన్నెలో వేలాడే చిన్న గాజు గొట్టం, దాని పైకొసన మైనం ముక్క. నీళ్లు తెర్లి మరిగే అవసరం లేదు. దాదాపు డెబ్బై డిగ్రీలకు చేరితే మైనం కరిగి కిందికి దిగుతుంది. దిగిన తర్వాత కూడా కొంతసేపు ఎండలోనే ఉంచి తీస్తాను. నీళ్లు చల్లారాక రంజన్‌లో పోస్తాము.

సరిత మార్చిలో వచ్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో అందరం ఆ నీళ్లే తాగుతున్నామని నమ్మాము.

ఆదివారం సాయంత్రం బయలుదేరబోతూ రమేశ్ వాకిట్లో ఆగిపోయాడు. సరిత అతన్ని సాగనంపడానికి బయటికి వచ్చింది. ఎండ ముఖం మీద పడింది.

"మామా, జర ఇటు రాండ్రి. సరిత కండ్లు సూడుండ్రి."

తెల్లగుడ్డు పసుపు పచ్చగా ఉంది.

"కామెర్లేమో, పసరు పోయిద్దామా?" అన్నది శకుంతల.

"పసరు లేదు గిసరు లేదు అత్తా. పొద్దుగాల్నే నిజామాబాద్ పోదం," అన్నాడు రమేశ్. ఆ రోజు అతను వెనక్కి పోలేదు.

ఖలీల్‌వాడిలోని ఒక దవాఖానలో చేర్చాము. ఎల్‌ఎఫ్‌టీ, పీటీ ఐఎన్‌ఆర్, వైరల్ మార్కర్స్ అని లివర్ పరీక్షలకు రక్తం తీశారు. రిపోర్టులు వచ్చాక డాక్టరమ్మ నన్నూ రమేశ్‌నూ లోపలికి పిలిచింది.

"హెపటైటిస్ ఇ. ఐజీఎం పాజిటివ్. ఇది నీళ్ల ద్వారా వస్తది. వేరేవాళ్లల్ల చాలావరకు దానంతట అదే తగ్గిపోతది. కాని ప్రెగ్నెన్సీ చివరి నెలలల్ల లివర్ మీద గట్టిగ కొడ్తది. ఐఎన్‌ఆర్ ఎక్కువుంది, అంటే రక్తం గడ్డ కట్టడం తగ్గింది. తల్లిని కాపాడుకునుడే మన ఫస్ట్ పని."

ఫస్ట్ అన్న మాట దగ్గర రమేశ్ తల ఎత్తాడు. "మరి పాప?"

"మానిటర్ చేస్తున్నం," అన్నది ఆమె.

సెలైన్, విటమిన్ కె, ప్లాస్మా ఎక్కించారు. సరిత ఒంటికి దురద ఎక్కువై గోళ్లతో గీరుకునేది. శకుంతల తడిబట్టతో ఆమె చేతులూ కాళ్లూ తుడుస్తూ కూర్చునేది. కడుపు మీద చేయి వేసినప్పుడల్లా "తంతుందా?" అని అడిగేది. "తంతుంది అమ్మా," అనేది సరిత. ఒకనాడు పొద్దున అడిగినప్పుడు సరిత కడుపు మీద అటూ ఇటూ తడిమి చూసుకుంది.

స్కానింగ్‌లో డాక్టరమ్మ ప్రోబ్‌ను చాలాసేపు అటూ ఇటూ జరిపి చూసింది. "హార్ట్‌బీట్ లేదు," అన్నది చివరికి. అది చెప్పేటప్పుడు ఆమె సరిత చేయి పట్టుకునే ఉంది.

నొప్పులు వచ్చేందుకు మందు ఇచ్చారు. ఆడపిల్ల. బిడ్డకు నీళ్లు పోయనివ్వమని శకుంతల నర్సును అడిగింది. వార్డులో ప్లాస్టిక్ టబ్బు, వేడినీళ్లు ఇచ్చారు. శకుంతల చన్నీళ్లు కలిపి, మోచేయి ముంచి చూసింది. ఇంకాస్త కలిపి మళ్లీ చూసింది. సరిత పుట్టినప్పుడు కూడా అట్లాగే చూసేది. తర్వాత తుడిచి, సరిత కాన్పు కోసం దాచిన పాత చీర ముక్కలో చుట్టి రమేశ్ చేతికి ఇచ్చింది. నేనూ అతనూ కలిసి పూడ్చి వచ్చాము.

కష్టం అక్కడితో ఆగలేదు. కాన్పు తర్వాత రక్తం ఆగలేదు. సరితను ఐసీయూలోకి మార్చారు. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచి, వెంటనే మూసేది. "డ్రౌజీగ ఉంది. ఎన్‌కెఫలోపతి కావచ్చు, మెదడు మీద లివర్ ప్రభావం," అన్నారు. ఆ రోజులకు నా డైరీలో తేదీలు తప్ప ఏమీ లేవు.

ఒక మధ్యాహ్నం ఆమె కళ్లు తెరిచి, "బాపు, ఫ్యాన్ చప్పుడైతుంది," అన్నది. నేను బయటికి వెళ్లి, గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ తర్వాత ఐఎన్‌ఆర్ తగ్గుతూ వచ్చింది. కళ్లకు పచ్చదనం తెచ్చే బిలిరుబిన్ మెల్లగా దిగింది. మళ్లీ వార్డుకు మార్చారు.

వార్డులో ఉండగా డాక్టరమ్మ రౌండ్స్‌కు వచ్చి అడిగింది. శకుంతల అప్పుడు మజ్జిగ కోసం కిందికి వెళ్లింది.

"సర్, ఇంట్ల ఏ నీళ్లు తాగుతరు?"

పెట్టె గురించి అంతా చెప్పాను. మైనం గురించి కూడా చెప్పాను.

"మంచి పద్ధతే. దించినంక దేంట్ల పోస్తరు?"

"రంజన్‌ల."

"దాంట్ల వేరే నీళ్లు ఏమన్న కలుస్తయా?"

"తాగేటియి కలవయి మేడం. మైనం దిగేసరికి మధ్యాహ్నమైతది. ఆలోపల అడుగు కనవడొద్దని పొద్దుగాల ఒక చెంబు నల్లా..."



శకుంతల కాపురానికి వచ్చిన కొత్తలో మా అమ్మ ఆమెకు చెప్పిన మాట అది: "రంజన్ అడుగు కనవడితే ఇల్లు ఎండుతది." నీళ్ల కుండ వట్టిగా ఉండకూడదని మా వైపు చాలా ఇళ్లలో పట్టింపు. శకుంతల ఒక్కనాడూ తప్పలేదు. రంజన్ కడిగినప్పుడు కూడా ఒక చెంబెడు పాత నీళ్లు పక్కకు తీసిపెట్టి, కడిగాక మళ్లీ అందులోనే పోసేది. పెట్టె వచ్చాక కూడా పొద్దున అడుగు తేలితే ఒక చెంబు నల్లా నీళ్లు పోసేది. వాటి మీదే మధ్యాహ్నం నేను పెట్టె నీళ్లు పోసేవాణ్ని. పాలకు తోడు వేసినట్టు. అందరి కళ్ల ముందే జరిగింది. అవి నీళ్లని ఎవరికీ అనిపించలేదు. అది ఆచారం.

"ఇదే కారణమని గట్టిగ చెప్పలేం," అన్నది డాక్టరమ్మ. "కాని మీ ఇద్దరికి ఏం కాలేదంటె నీళ్లు మంచిగున్నయని కాదు. మీకు ఈ జబ్బు ఎన్నడో తెలియకుండ వచ్చిపోయి ఉండొచ్చు, అందుకే మళ్ల రాలె."

ఆమె వెళ్లాక సరిత గోడ వైపు తిరిగి పడుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"బాపు."

"ఏం బిడ్డా?"

"అమ్మకు చెప్పకు. బతకది."

ఇప్పుడు సరిత మాక్లూర్‌లో ఉంది. చివరిసారి చేసిన ఎల్‌ఎఫ్‌టీ నార్మల్ వచ్చింది. నడుస్తుంది, వండుతుంది, నాతో ఫోన్‌లో మాట్లాడుతుంది. పాప గురించి మాట్లాడదు. ఉయ్యాల కోసం రమేశ్ ముందే దూలానికి కొట్టిన కొక్కెం అట్లాగే ఉంది. దానికి ఎవరూ ఏమీ తగిలించరు. వాళ్లింటికి కూడా ఒక ఎండపెట్టె చేసి ఇచ్చాను.

చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. నీళ్లు కాచడంతో పని అయిపోదు. కాచిన నీళ్లు పోసే కుండను రోజూ చివరి చుక్క దాకా వంపండి, కడగండి, కాచిన నీళ్లతోనే ఇంకోసారి కడిగి ఎండబెట్టండి, తర్వాతే కొత్త నీళ్లు పోయండి. పాత నీళ్ల మీద కొత్త నీళ్లు పోయకండి, ఒక్క చెంబైనా సరే. మబ్బు పట్టి మైనం దిగని రోజు పొయ్యి మీద తెర్లకాచండి.

ఈ మాట మా ఇంట్లో మాత్రం నేను చెప్పలేకపోయాను. దవాఖాన నుంచి సరితను బోధన్‌కు తెచ్చిన రోజు సాయంత్రం శకుంతల నా పక్కన వచ్చి కూర్చుంది.

"డాక్టరమ్మ నీళ్ల గురించి అడిగిందంట గద. ఏం జెప్పినవ్?"

"నల్లా నీళ్లు పాడైనయని చెప్పిన."

"మనం తాగింది డబ్బ నీళ్లే గద."

"బయట ఏడనన్న తాగి ఉంటది."

"అది గడప దాటిందెన్నడు?"

ఆమె సరితకు జావ కాయడానికి లేచి వెళ్లింది.

మరునాడు పొద్దున చూస్తే రంజన్ దాని చోట లేదు. వాకిట్లో బండ మీద బోర్లించి ఉంది. పీచుతో రుద్దిన గీతలు కనిపిస్తున్నాయి. మల్లెచెట్టు మొదట్లో మట్టి తడిసి ఉంది. ఎన్నడూ పెట్టె జోలికి రాని శకుంతల, గాజు పలక తుడిచి, గిన్నె లోపల పెట్టి, దాని ముందు నేల మీద కూర్చుని ఉంది.

లోపలి నుంచి సరిత పిలిచింది. "అమ్మా, నీళ్లు."

శకుంతల తల తిప్పలేదు. "జరాగు బిడ్డా. మైనం ఇంక దిగలె."

సరిత గోడ పట్టుకుని తలుపు దాకా వచ్చింది. రంజన్‌ను చూసి, నా వైపు చూసింది. నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఫ్లాస్కులో కాచిన నీళ్లున్నాయని గుర్తొచ్చి తేవడానికి లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి సరిత తల్లి పక్కన కూర్చుని ఉంది. ఇద్దరూ ఆ గాజు గొట్టాన్నే చూస్తున్నారు. వాళ్ల వెనక రంజన్ ఎండుతోంది.