ఆరు నిమిషాల తేడా

నలభై ఏడేళ్ల వయసులో ఎక్స్ అనే అక్షరం మళ్లీ ఎదురుపడిన రోజున, అబద్ధం ఎందుకు, పుస్తకం మూసేసి ఇంటికి వచ్చేద్దామనుకున్నాను. ముప్పై ఏళ్ల కిందట గుంటూరు దగ్గర మా ఊరి హైస్కూల్లో పదో తరగతి లెక్కల్లో తప్పాను. తర్వాత పెళ్లి, ఎల్బీనగర్‌లో కాపురం, కూతురు, కూతురి చదువు. దాని ఉద్యోగం పుణేలో కుదిరాక, ఆ తప్పిన పది ఎలాగైనా పాసవ్వాలని ఓపెన్ స్కూల్లో చేరాను. "ఈ వయసులో నీకెందుకే ఈ తద్దినం?" అన్నారు మావారు. శని, ఆదివారాలు పొద్దున వంట మీరు చూసుకోండి, నా తద్దినం సంగతి నేను చూసుకుంటాను అన్నాను.

క్లాసు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో, మూడో అంతస్తులో. కింది రెండు అంతస్తులూ పోటీ పరీక్షల కోచింగే. మెట్ల నిండా ఇరవై ఏళ్ల పిల్లలు. నన్ను చూసి పక్కకు జరిగి, "ఎవరి కోసం వచ్చిన్రు ఆంటీ?" అని అడిగేవారు. నా కోసమేనయ్యా అంటే నవ్వాలో మానాలో తెలియక నిలబడిపోయేవారు.

లెక్కలు చెప్పే మేడమ్‌ది నా కూతురి ఈడు. మొదటి పరీక్షలో ఒక లెక్క ఇచ్చింది. ఒక సంఖ్యను రెట్టింపు చేసి ఐదు కలిపితే ఇరవై ఒకటి, ఆ సంఖ్య ఎంత? ఓస్, ఇంతేనా అనుకుని ఎనిమిది అని రాసి పడేశాను. నాలుగు మార్కులకు ఒకటే వేసింది. నా పక్కన కూర్చున్న ఆవిడ జవాబు తప్పు రాసినా రెండున్నర! నాకు ఒళ్లు మండిపోయింది. కాగితం తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టి నిలదీశాను.

"జవాబు కరెక్టే అమ్మా. మీరెట్ల కనుక్కున్నరో చూపియ్యలే. మనసుల అనుకున్నది రాసేస్తే మార్కులు ఎట్ల ఇయ్యాలె?"

"వచ్చిన జవాబు కళ్ల ముందు ఉంటే ఇంకా ఈ ఎక్స్ ఏంటమ్మా మధ్యలో?"

"ఎక్స్ అంటే గింత కోపమేంది? తెల్వని దానికి ఒక పేరు పెట్టినం, గంతే. తెల్వదని ముందు ఒప్పుకోవాలె కదా."

తెలిసినదాన్ని తెలియదని ఎందుకు ఒప్పుకోవాలో నాకు అర్థం కాలేదు. ఆ రోజంతా సణుక్కున్నాను.

ఇంట్లోనూ నా తీరు అదే. మాది ఎనిమిది ఫ్లాట్ల చిన్న అపార్ట్‌మెంటు. నాలుగేళ్లుగా దానికి సెక్రటరీని నేనే. ఇంకెవరైనా ముందుకొచ్చినా ఆ పని వదిలే రకాన్ని కాదు. వాచ్‌మన్ నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చినవాడు. భార్యతో సెల్లారు పక్క గదిలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాడు. పొద్దున ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి మోటారు వేసి పైనున్న మూడు వేల లీటర్ల ట్యాంకు నింపుతాడు. ఏ ఇంట్లో ఏం పాడైనా ముందు అతనికే కబురు వెళ్తుంది.

ఆ ఏడు శివరాత్రి దాటాక నీళ్లకు కటకట మొదలైంది. పొద్దున నింపిన ట్యాంకు సాయంత్రం దాకా రావలసింది, మధ్యాహ్నం రెండింటికే బోసిపోతోంది. సబ్బు నురగతో ఉన్నవాళ్లు బాత్రూముల్లోంచే నాకు ఫోన్లు. మా పక్క స్థలంలో కొత్త బిల్డింగు కడుతున్నారు. అక్కడి మేస్త్రీతో మా వాచ్‌మన్ గోడ దగ్గర నిలబడి మాట్లాడటం రెండుసార్లు చూశాను. గోడ అవతల నీళ్ల పైపు కూడా చూశాను. ఇంకేం కావాలి నాకు?

"ఏమయ్యా, నీళ్లు ఎటు పోతున్నాయి?" అన్నాను.

"నాకైతే ఎవరింట్లనో నల్లా కారుతున్నట్టే కొడుతుందమ్మా. జర ఒక్కొక్క ఇల్లు చూసొస్తా."

ఏడిళ్లు చూసొచ్చాడు, ఎక్కడా ఏమీ లేదు. ఎనిమిదోది మాది. తలుపు దగ్గరే ఆపేశాను. మా ఇంట్లో అన్నీ సుబ్బరంగా ఉన్నాయి, ముందు నీ సంగతి చూసుకో అన్నాను. ఏం మాట్లాడకుండా దిగి వెళ్లిపోయాడు. దొంగ కాబట్టే నోరెత్తలేదనుకున్నాను.

ఆదివారం సాయంత్రం సెల్లారులో మీటింగు పెట్టాను. ఎనిమిది ఇళ్లవాళ్లూ వచ్చారు. అందరి ముందూ అన్నాను, "మా నీళ్లు పక్కోళ్లకి పోసే మనిషి మాకొద్దు. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యి."

"నీళ్లు నేనెవ్వరికి ఇయ్యలే అమ్మా. నా బిడ్డల మీద ఒట్టు."

"ఒట్లు నాకొద్దయ్యా."

గది గుమ్మంలో నిలబడిన అతని భార్య నా వైపే చూస్తూ ఉంది. రెండో అంతస్తు పెద్దాయన, "పాపం, ఇంకోసారి ఆలోచిద్దామేమో" అని గొణిగారు. ఆలోచించాల్సింది ఏమీ లేదన్నాను. నెలాఖరుకు పన్నెండు రోజులుంది.

తర్వాతి శనివారం క్లాసులో మేడమ్ బోర్డు మీద కొత్త లెక్క రాసింది. ఒక పైపు ట్యాంకును ఆరు గంటల్లో నింపును. అడుగునున్న మరో పైపు దానిని తొమ్మిది గంటల్లో ఖాళీ చేయును. రెండూ తెరిచి ఉంచిన ట్యాంకు ఎన్ని గంటల్లో నిండును?

నేను ఆగలేకపోయాను. "బుద్ధి ఉన్నవాడెవడైనా కింద పైపు తెరిచిపెట్టి ట్యాంకు నింపుతాడా?"

క్లాసంతా గొల్లుమంది. మేడమ్ కూడా నవ్వి, "బుద్ధి ఉన్నోళ్లైనా తెల్వకుంట తెరిచి పెడ్తరు కదమ్మా" అని చెప్పుకుపోయింది. మొత్తం ఎంత అని చూడొద్దట. ఒక్క గంటలో ఎంత అని చూడాలట. పై పైపు గంటకు ట్యాంకులో ఆరో వంతు నింపుతుంది. కింది పైపు గంటకు తొమ్మిదో వంతు లాగేస్తుంది. మిగిలేది గంటకు పద్దెనిమిదో వంతు. అంటే నిండడానికి పద్దెనిమిది గంటలు. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆరు గంటల పని పద్దెనిమిది గంటలా! వేళ్ల మీద మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకున్నాను. నిజమే.

అప్పుడే నా బుర్రలో మెరిసింది. ఆ పెద్దాయన "పాపం" అన్న మాట నన్ను కుడుతూనే ఉంది. వాచ్‌మన్ నీళ్లు పోస్తున్నాడని లెక్క కట్టి చూపిస్తే ఇంకెవరూ నోరెత్తరు. మేడమ్‌కి కావలసిన స్టెప్పులు కూడా చూపిస్తాను, చూద్దాం.

సోమవారం మధ్యాహ్నం రెండింటికి ట్యాంకు ఎప్పటిలా ఖాళీ అయింది. ఇళ్లకు నీళ్లు దిగే పెద్ద వాల్వును కట్టేయించి, మోటారు వేయించి, టెర్రస్ మీద ఫోన్లో టైము చూస్తూ కూర్చున్నాను. సరిగ్గా అరవై నిమిషాలకు నిండింది. మంగళవారం అదే టైముకి వాల్వు తెరిచి ఉంచాను. గంటన్నరపాటు ఎవరూ కుళాయి తిప్పొద్దని గ్రూపులో మెసేజి పెట్టాను. గేటు దగ్గర కుళాయికి ముందే మూత బిగించేశాను. వాచ్‌మన్‌నూ అతని భార్యనూ మోటారు వేయించగానే పైకి పిలిచి నా ఎదురుగా నీడలో కూర్చోబెట్టాను. దొంగ నా కళ్ల ముందుంటే నీళ్లెలా పోతాయి? ఇవాళ కూడా అరవై నిమిషాలకే నిండుతుంది, పోయే నీళ్లన్నీ ఇతని చేతి మీదుగానే పోతున్నాయని తేలిపోతుంది. ఇదీ నా లెక్క.

అరవై నిమిషాలయింది. నిండలేదు. ఎండకు నా ఫోను కాలిపోతోంది. అరవై రెండు, అరవై నాలుగు. అరవై ఆరో నిమిషంలో పైపులోంచి నీళ్లు పొర్లాయి.

ఆరు నిమిషాలే కదా, మోటారు మందగించిందేమో అనుకున్నాను. అయినా చేతిలో నోటుబుక్కు ఉంది, రాశాను. మోటారు నిమిషానికి ట్యాంకులో అరవయ్యో వంతు నింపుతుంది. ఇవాళ నిండింది నిమిషానికి అరవై ఆరో వంతు. ఎటో పోతున్నదాన్ని ఎక్స్ అనుకున్నాను. ఒకటి బై అరవైలోంచి ఒకటి బై అరవై ఆరు తీసెయ్యాలి. క.సా.గు. దగ్గర ఎప్పటిలా తడబడి, కొట్టేసి మళ్లీ రాశాను. ఒకటి బై ఆరు వందల అరవై వచ్చింది. ఆరు వందల అరవై నిమిషాలంటే పదకొండు గంటలు.

అమ్మ బాబోయ్! ఎవరూ ఒక్క కుళాయి ముట్టకపోయినా, నిండు ట్యాంకు పదకొండు గంటల్లో దానంతట అదే ఖాళీ అయిపోతుంది. దానికి ఎనిమిది ఇళ్ల వాడకం తోడైతే రెండింటికి ఖాళీ అవక ఏమవుతుంది? తప్పు రాశానేమోనని ఇంకో పేజీలో మళ్లీ చేశాను. అదే వచ్చింది. తలెత్తి చూస్తే ఆ మొగుడూ పెళ్లాలిద్దరూ కూర్చోబెట్టిన చోటే కూర్చుని ఉన్నారు. నోటుబుక్కు మూసేశాను. "మీరు కిందికి వెళ్లండి" అని మాత్రం అనగలిగాను.

ఇంటికి వచ్చి మంచినీళ్లు తాగుతుంటే, లోపల ఎక్కడో సన్నగా సర్ర్‌మని చప్పుడు వినిపించింది. రోజూ ఫ్యాన్లూ, టీవీ, కుక్కరు మోతలో ఆ చప్పుడు నా చెవిన పడలేదు. మా అమ్మాయి గది తలుపు తీశాను. శివరాత్రికి వచ్చి వెళ్లాక ఆ గది మూసే ఉంది. దాని బాత్రూము తలుపు తీశాను. ఫ్లష్ ట్యాంకులో నిండగానే నీళ్లు ఆపే బంతి విరిగి పక్కకు పడి ఉంది. కమోడ్‌లోకి నీళ్లు ధారగా పోతూనే ఉన్నాయి.

ఆ గచ్చు మీదే కూర్చుండిపోయాను. ఏడిళ్లూ చూసి నా గుమ్మంలోకి వచ్చిన మనిషిని నేనే వెనక్కి పంపేశాను. ఇంకా సిగ్గుపడాల్సిన మాట ఒకటుంది. అప్పుడు నాకు మొదట తోచింది ఆ మొగుడూ పెళ్లాల సంగతి కాదు. ఎవరికీ తెలియకుండా ప్లంబరును పిలిపించి బాగుచేయించేస్తే సరి, నీళ్లు సర్దుకుంటాయి, వాళ్లెలాగూ వెళ్లిపోతున్నారు అని. ఆ ఆలోచన నాదేనని నమ్మలేకపోయాను. నేను ఇంత నీచురాలినా అని నోరు నొక్కుకుని ఏడ్చాను.

మొహం కడుక్కుని సెల్లారుకి దిగాను. భార్యాభర్తలిద్దరూ సామాన్లు మూటలు కడుతున్నారు. "నీళ్లు పోతున్నది మా ఇంట్లోనేనయ్యా. పొరపాటంతా నాది. మీరెక్కడికీ వెళ్లొద్దు, ఉండిపోండి" అన్నాను.

వాచ్‌మన్ తల దించుకుని, "పోనీలే అమ్మా, తెలిసింది కదా" అన్నాడు. అతని భార్య చేతిలో మూట కింద పెట్టింది.

"అందరి ముంగట దొంగ అన్నరు. గిప్పుడొచ్చి మాకొక్కలకే చెప్తే ఎట్లమ్మా?"

అదే సాయంత్రం ఎనిమిది ఇళ్లవాళ్లనూ మళ్లీ పిలిచాను. మావారు వద్దన్నారు, గ్రూపులో ఒక మెసేజి పెట్టేస్తే పోయేదానికి ఇదంతా ఎందుకన్నారు. వినలేదు. నోటుబుక్కు తెరిచి అరవై, అరవై ఆరు, ఆరు వందల అరవై అన్నీ చదివాను. మా బాత్రూము సంగతి చెప్పాను. తలుపు దగ్గర ఇతన్ని ఆపేసిన సంగతీ చెప్పాను. ఎవరైనా తిట్టినా కాస్త తేలికపడేదాన్నేమో. చివరికి చేతులు జోడించి, క్షమించమని వాళ్లిద్దరినీ అడిగాను. పెద్దాయన లేచి వాచ్‌మన్ భుజం మీద చెయ్యి వేశారు. ఇంక ఉండిపోతారనుకున్నాను.

నెలాఖరు పొద్దున గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. బడంగ్‌పేట్‌లో ఎవరింట్లోనో పని ఒప్పుకున్నారట మొగుడూ పెళ్లాలు. నేను చెప్పులు కూడా లేకుండా కిందికి పరుగెత్తాను. బీరువా ఎక్కించేశారు. వాచ్‌మన్ తాళ్లు బిగిస్తున్నాడు. "నా మీద కోపంతో వెళ్లకండయ్యా" అన్నాను.

"కోపమేం లేదమ్మా. మంచిగుండుండ్రి" అని ముందుకెళ్లి డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

అతని భార్య వెనక సామాన్ల మధ్య కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. లెక్క తేలిపోయింది కదా, అందరి ముందూ చెప్పాను కదా, ఇంకా ఎందుకు వెళ్లడం అని బతిమాలాను.

"మీకు లెక్కొచ్చింది కాబట్టి మేం దొంగలం కాకుంట అయినం అమ్మా" అందామె. "రాకుంటే?"

ఆటో కదిలేదాకా ఆమె నా మొహం వంకే చూసింది.