కాపలాదారు పాత చొక్కా

పక్షుల కేంద్రం కాపలాదారు మనిషి ఎండుపుల్ల, నడక మాత్రం నిండు గర్భిణిది. అడుగు తీసి అడుగు వేసేలోగా మనకి ఆవులింత వస్తుంది. వలస కొంగలు దిగే నాలుగు నెలలూ పొద్దున్నే చిత్తడినేలలోకి వెళ్లి మేత చల్లుతాడు. పన్నెండేళ్లుగా ఆ పనికి ఒకటే చొక్కా, బురదరంగుది, మోచేతుల దగ్గర చిరిగినది. భార్యకి దాన్ని చూస్తే ఒళ్లు మంట. మొన్న దాన్ని లాగేసి, కొత్త తెల్ల చొక్కా చేతిలో పెట్టింది. నోట్లో నాలుక లేని మనిషి, తొడుక్కుని వెళ్లాడు. దిగబోతున్న గుంపు గుంపంతా ఆ తెలుపు చూసి బెదిరి మళ్లీ పైకి లేచింది. చూడ్డానికి వచ్చిన మాకు మెడలు పట్టేశాయి. అంత దూరం ఎగిరొచ్చినవి ఆకలితోనే వెళ్లిపోతాయేమోనని ఆయన మొహం పాలిపోయింది. గేటు పక్కనున్న తమ ఇంట్లోంచి చూసినట్టుంది, భార్య ఆ పాత చొక్కా పట్టుకుని పరుగున వచ్చింది. దాంట్లోంచి నీళ్లోడుతున్నాయి. అప్పటికే దాంతో వంటిల్లు తుడిచేసింది మహాతల్లి!

"నా కొత్త చీరే ఏనాడూ కనిపెట్టలేదు మీరు. వాటికి చూడండి, మీ చొక్కా కూడా గుర్తే!" అంది రొప్పుతూ.

ఆయన తడిదే తొడుక్కుని వెళ్లి నిలబడ్డాడు. పొడుగు కాళ్లు చాపుకుని ఒకటి దిగింది. దాని వెనకే పది, ఆపైన నేల కనపడలేదు. గట్టెక్కి వచ్చి, "నువ్వే తెచ్చావని వాటితో చెప్పానే," అన్నాడు భార్యతో.

ఆవిడ ఆయన చొక్కా మోచేతి చిరుగులో వేలు పెట్టి చూసి, "ఇంటికి రండి, కుట్టి పెడతా. బురదరంగు దారమే వేస్తాలెండి," అంది.