పద్దెనిమిది ఒకట్లు

మూడో అంతస్తు టీచరమ్మ మొన్న గురువారం పొద్దున చనిపోయారు. గేటు ముందు ముగ్గు వేస్తుంటే ఆమె కూతురు ఫోన్ చేసి, "అమ్మ లేదు, పైకి రా" అంది. ముగ్గు సగంలో వదిలేసి వెళ్లాను.

మా ఆయన నల్లగండ్లలో ఈ అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. సెల్లార్‌లో మాకొక గది. నేను ఐదిళ్లలో పని చేస్తాను. టీచరమ్మ ఇల్లు చివరిది. అక్కడికి చేరేసరికి నా నడుము నాది కాదు. "ముందు కూర్చో అమ్మాయ్, గిన్నెలు ఎక్కడికీ పారిపోవు" అనేవారు. ఆమెది కోస్తా వైపు. మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. షుగర్‌తో చూపు మసకబారినా, చించిన క్యాలెండర్ కాగితాలు దాచుకుని, వాటి వెనక అరచేయంత అంకెలతో ఏదో ఒక లెక్క వేస్తూనే ఉండేవారు.

ఆరో తరగతిలో భాగహారం రాక, బోర్డు దగ్గర ఏడ్చి బడి మానేశానని ఒకరోజు ఆమెతో అనేశాను. ఆమె నవ్వలేదు. ఒక పాత నోటుబుక్కు ఇచ్చారు.

"పద్దెనిమిది ఒకట్లు పక్కపక్కన రాయి. అంతా కలిపి ఒకే సంఖ్య. ఏ చిన్న సంఖ్యతో శేషం లేకుండా పోతుందో పట్టుకో. మా అమ్మాయి ఆఫీసులో కంప్యూటర్లకు వేసే తాళాలన్నీ ఇలాంటి పెద్ద సంఖ్యలేనట, ఎవరూ విడగొట్టలేనివి. ఇది మాత్రం నీకు లొంగుతుంది."

రాస్తుంటే కుక్కర్ కూత వేసింది. లేచి ఆపి వచ్చి మిగతా ఒకట్లు రాశాను.

అది లొంగలేదు. మూడుతో భాగిస్తే ఒకటి మిగిలింది. ఏడుతో ఒకటి. పదకొండుతో, పదమూడుతో కూడా ఒకటే. పదిహేడుతో తొమ్మిది. మధ్యాహ్నం మా పాప పడుకున్నాక, ట్యాంకు నిండేదాకా మోటారు పక్కన కూర్చుని భాగించేదాన్ని. "ఏందే గిది, కలెక్టర్ పరీక్షనా?" అని మా ఆయన ఎగతాళి. నాలుగు నెలలు గడిచాయి. టీచరమ్మ అడిగితే "చేస్తున్న" అని తప్పించుకునేదాన్ని. నా తలకు చదువు ఎక్కదని మళ్లీ తేలిపోయిందనుకున్నాను.

పోయే ముందు ఆదివారం ఆమె చర్చికి వెళ్లలేక పడుకుని ఉన్నారు. నోటుబుక్కు తిరిగి ఇచ్చేద్దామని తీసుకెళ్లాను.

"నాకు రాదు టీచరమ్మా. ఇగ నావల్ల కాదు."

"మూడుతో ఎంత మిగిలింది?"

సిగ్గుతో తల దించుకునే చెప్పాను. "ఒకటి."

"ఏడుతో?"

"ఒకటి. పదకొండుతో గూడ ఒకటే. పదమూడుతో గూడ."

ఆమె పకపకా నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. "పిచ్చి పిల్లా, నువ్వు పందొమ్మిది రాశావు! ప్రతిసారీ మిగిలింది నువ్వు ఎక్కువ రాసిన ఆ ఒకటే. లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. పందొమ్మిది.

"పందొమ్మిది ఒకట్లంటే అది ప్రధాన సంఖ్య. తనతో, ఒకటితో తప్ప దేనితోనూ పోదు. జన్మంతా భాగించినా శేషమే. నీ భాగహారంలో ఒక్క తప్పూ లేదు, తెలిసిందా?" నా చెయ్యి పట్టుకున్నారు. "శేషం దాచుకోకూడదమ్మా. మొదటి రోజే చెప్పి ఉంటే ఇన్నాళ్లు నలిగేదానివి కాదు. వెళ్లి పద్దెనిమిది రాసి మూడుతో భాగించు. వచ్చింది నాకు చదివి వినిపించు."

సోమవారం మోటారు కాలిపోయింది. రోజంతా బకెట్లతో నీళ్లు మోశాను. మంగళవారం పాపకు జ్వరం. బుధవారం ఆమె అడిగారు. "రేపు టీచరమ్మా" అన్నాను.

నిన్న ఆమె గది తుడిచి, అక్కడే నేల మీద కూర్చున్నాను. పద్దెనిమిది ఒకట్లు రాశాను. రెండుసార్లు లెక్కపెట్టాను. మూడుతో భాగిస్తే ముప్పై ఏడు, సున్నా, ముప్పై ఏడు, సున్నా, చివరిదాకా అలాగే వచ్చింది. కింద ఏమీ మిగల్లేదు.

ఖాళీ మంచం వైపు తిరిగి చదివాను. మొదట పెదాల మధ్యే. తర్వాత, హాల్లో చుట్టాలు కూర్చుని ఉన్నారని తెలిసీ, గట్టిగా. మూడు, ఏడు, సున్నా. మూడు, ఏడు, సున్నా.