ఏడు ఇళ్లకు ఒకే గొడుగు

నా చిన్నప్పుడు ఒకే గోడ ముందు నిలబడి ఏడు ఇళ్ల నంబర్లు రాశాను. అందులో ఒక్కటే నిజం. మిగిలిన ఆరూ అబద్ధాలని రాసేటప్పుడే నాకు తెలుసు. పదకొండేళ్ల పిల్లవాడికి ఏం తెలుస్తుందని ఇంట్లోవాళ్లు తర్వాత నన్ను వెనకేసుకొచ్చారు. కానీ తెలుసు. ఈ వయసులో ఆ మాట దాచుకుని నేను సాధించేదేమీ లేదు.

మా ఊరు పుత్తూరు నుంచి బస్సులో ముప్పావు గంట. ఊరి చివర ప్రభుత్వం కట్టించిన పెంకుటిళ్లు రెండు వరుసలు ఉండేవి. అందులో ఒకటి మాది. మా పక్కింట్లో ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. విస్తరాకులు కుట్టి, కట్టలు కట్టి, వారానికొకసారి పుత్తూరుకు తీసుకుపోయి అమ్మేది. వరుస చివరి ఇల్లు మా చిన్నాయనది.

నేను ఆ నంబర్లు రాయడానికి ముందటి కార్తీకంలో తుఫాను పట్టుకుని నాలుగు రోజులు వదల్లేదు. ఏడు ఇళ్లకు గోడలు దెబ్బతిన్నాయి. మరమ్మతులకు ప్రభుత్వం సాయం మంజూరు చేసింది. అది నేరుగా ఇంటివాళ్ల చేతికి రాదు. ఊళ్లో ఇళ్ల సంఘం ఒకటి ఉండేది. దాని పేరున వస్తుంది, ఆ సంఘమే సిమెంటూ ఇటుకా తెప్పించి మేస్త్రీతో పని చేయిస్తుంది. సంఘానికి సెక్రటరీ మా చిన్నాయన. పని పూర్తయినట్టు రుజువుగా ఇంటికొక ఫోటో పైఆఫీసుకు పంపాలి. ఫోటోలో బాగుచేసిన గోడ కనపడాలి, దాని పక్కన పలక మీద ఇంటి నంబరు కనపడాలి. ఇంటి మనిషి కూడా కనపడాలని ఎవరూ అడగలేదు. ఆ కంతలోంచే మొత్తం దోపిడీ దూరింది.

చిన్నాయన మొదట తన ఇల్లు బాగుచేసుకున్నాడు. గోడ కొత్తగా పూసి, సున్నం కొట్టి, కింద ఎర్రమన్నుతో పట్టీ వేయించాడు. ఆ తర్వాత మేస్త్రీ మా వీధిలో కనపడలేదు. మిగిలిన ఆరిళ్ల సిమెంటు చిన్నాయన మామిడితోటలో మోటారు గదిగా లేచింది. ఊరంతా చూసింది. చూసి, ఆ గది నీడలోనే కూర్చుని కబుర్లు చెప్పుకుంది.

ఎండాకాలం చివర్లో పుత్తూరు నుంచి ఫోటోగ్రాఫరు వచ్చాడు. బడిలో నా చేతిరాత బాగుంటుందని పేరు. చిన్నాయన నన్ను పలకా బలపంతో రమ్మన్నాడు. తన గోడ పక్కన నన్ను నిలబెట్టి నంబరు రాయించి, చెయ్యి మాత్రమే ఫోటోలో పడేలా పలక ఎత్తి పట్టుకోమన్నాడు. ఫోటో తీయగానే తుడిచి ఇంకో నంబరు చెప్పాడు. మూడోది పక్కింటి అవ్వది.

"చిన్నాయనా, ఇది అవ్వ నంబరు గదా. ఆయమ్మ గోడ అట్లే పగిలి ఉండాది," అన్నాను.

"ఉంటే ఉండాది లేరా. వానల్లోపల పనైపోతాది. ఫోటో ముందు తీస్తే గోడేమన్నా అలుగుతాదా?"

ఫోటోగ్రాఫరు నవ్వాడు. "బళ్లో అయివోరి మాదిరి ప్రశ్నలేస్తా ఉండాడే పిల్లోడు!"

"ఆఖర్న వీడికి సొంతంగా ఒక ఫోటో తియ్యప్పా," అన్నాడు చిన్నాయన.

నాకు అప్పటిదాకా ఒక్క ఫోటో కూడా లేదు. ఆ మాటతో నా నోరు మూతపడింది. చిన్నాయన చెప్పింది నేను నమ్మలేదు, నమ్మినవాడిలా రాశాను. ఏడూ అయ్యాక అదే గోడ ముందు చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాను. నా వెనక మేకుకు చిన్నాయన గొడుగు వేలాడుతూ ఉంది. పొద్దుటి నుంచీ అక్కడే ఉంది. తీసి పక్కన పెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఆశ్వయుజం వచ్చి, ఆకాశం నల్లబడటం మొదలయ్యాక అవ్వకు దిగులు పట్టుకుంది. ఆకులు తడిస్తే బూజు పడతాయి, బూజు పట్టిన ఆకులో ఎవరూ అన్నం తినరు. అర్జీ రాయించుకుని ఆమె ఆఫీసుకు పోయింది. సాయంత్రం బస్సు దిగి వచ్చి మా తిన్నె మీద కూర్చుని, వీధి మొత్తానికి వినపడేలా చెప్పింది.

"నా ఇల్లు బాగైపోయిందంటప్పా! నాకే తెలీకుండా! ఫోటో సూపించినారు. సున్నం గూడా కొట్టినారు. వానకు తడుస్తానని గొడుగు గూడా తగిలించినారు!"

అందరూ నవ్వారు. చిన్నాయన కూడా నవ్వి, అవ్వకు కళ్లు సరిగా ఆనడం లేదన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. నా చేతి వైపు చూసింది. అంతకు ముందు నాకు జ్వరం వస్తే నా మణికట్టుకు నల్లదారం కట్టింది ఆమే. పలక పట్టుకున్న చెయ్యి ఎవరిదో ఆ ఫోటోలో ఆమెకు దారం చెప్పింది.

మొదటి వాన పడిన రోజు అవ్వ నన్ను కేకేసింది. "ఒరే అబ్బోడా, పలక ఎత్తుకోని రా."

లోపల పగిలిన గోడకు గోనెపట్టా కట్టి ఉంది. దాని వెనక నుంచి నీళ్లు గోడ మీదుగా కారుతున్నాయి. ఆకుల కట్టలన్నీ మంచం మీద ఉన్నాయి, ఆమె పడక నేల మీద. తన ఇంటి నంబరు రాయమంది. రాశాను. గోనెపట్టా పక్కన నిలబడి పలక ఎత్తి పట్టుకోమంది. తర్వాత ఒక ఆకు తీసుకుని, మధ్యలో వేలితో బొక్క చేసి, కంటికి ఆనించుకుంది.

"కదలొద్దు. ఫోటో తీస్తా ఉండా. నవ్వు."

నాకు నవ్వు రాలేదు. పైనుంచి కారిన నీళ్లు పలక మీదుగా జారి, నేను రాసిన నంబరును తీసుకుపోయాయి. అవ్వ ఆకు దించి, "పోయిందే. మళ్లీ రాయి," అంది. రాశాను. మళ్లీ కరిగిపోయింది. మూడోసారి రాయబోతే తడిసిన పలక మీద బలపం పడలేదు.

"సూస్తివా నాయనా," అంది ఆమె. "నా ఇంట్లో నా నంబరు నిలబడేదానికి చోటు లేదు. మీ చిన్నాయన గోడ మీద మాత్రం ఎంత బాగా నిలబడిందో."

చెంగుతో నా తల తుడిచి, సంగటి ముద్ద చేతిలో పెట్టింది.

అక్కడే నేను పరుగెత్తుకుపోయి ఎవరికైనా చెప్పి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. చెప్పలేదు. చిన్నాయనంటే భయం. నా ఫోటో లాక్కుంటాడేమోనని కూడా భయం. ఆ రెండో భయాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎనిమిది రోజులు నోరు మూసుకుని బడికి పోయి వచ్చాను.

తొమ్మిదో రోజు పొద్దున అవ్వ ఆకులు సర్దుకుంటుండగా గోడ పడింది. ఆమె కుడిచెయ్యి ఇటుకల కింద ఇరుక్కుంది. మా నాయన ఆమెను బస్సులో పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించాడు. కట్టు కట్టిన పెద్దాయన ఎముక అతుక్కుంటుందన్నాడు గానీ, వేళ్లు మునుపటిలా వంగుతాయని మాట ఇవ్వలేదు. ఆకుకు ఆకు చేర్చి పుల్ల గుచ్చే వేళ్లు అవి. ఆమెకు కూడు పెట్టే వేళ్లు.

బాగుచేసిన గోడ పడిపోయిందని తెలిసి ఆఫీసు నుంచి జీపులో ఒక పెద్ద ఉద్యోగి వచ్చాడు. వీధంతా మూగింది. చిన్నాయన ఇస్త్రీ చొక్కాతో వచ్చి, నా జీవితంలో నేను విన్న అతి నీచమైన మాట ఎంతో మర్యాదగా చెప్పాడు.

"మేం బాగుచేసిచ్చిన గోడే సార్. ఈమె తడి ఆకులు తెచ్చి గోడకు ఆనించి పెడతాది. ఎన్ని తూర్లు చెప్పినా వినదు. ఇంగ గోడ నిలుస్తాదా?"

అవ్వ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని తిన్నె మీద కూర్చుని ఉంది. "నా ఆకుల బరువుకు గోడ పడిందంట!" అంది. "ఊదితే ఎగిరిపోయే ఇస్తరాకు సార్ అది. అది పోయి గోడను తోసిందంట! రాసుకో సార్, అదీ రాసుకో!"

ఆ ఉద్యోగి నిజంగానే రాసుకోవడం మొదలుపెట్టాడు. ఇంటివాళ్ల అజాగ్రత్త అని పైకి చదువుకుంటూ రాస్తున్నాడు. అతను చెడ్డవాడని నేననను. కాగితం మీద అప్పటికే బాగుపడి ఉన్న ఇల్లు అది. కళ్ల ముందున్న శిథిలం కంటే చేతిలో ఉన్న కాగితాన్ని నమ్మడం వాళ్లకు అలవాటు. ఒకే గోడ, ఒకే మేకు, ఒకే గొడుగు ఉన్న ఏడు ఫోటోలు ఎన్ని బల్లలు దాటి వెళ్లాయో. ప్రతి బల్ల దగ్గరా ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ప్రతి మనిషికీ రెండు కళ్లుంటాయి. ఒక్కరూ చూడలేదు. ఆ కోపం నాలో ఈనాటికీ చల్లారలేదు.

ఆ రోజు మాత్రం నాకు అతని కలం చప్పుడొక్కటే వినపడింది. నేను పలక మీద రాసినట్టే అతనూ రాస్తున్నాడు. ఇంట్లోకి పరుగెత్తి, ట్రంకు పెట్టె అడుగున దాచుకున్న నా ఫోటో తెచ్చి అతని చేతిలో పెట్టాను. అతను దాన్ని చూశాడు. ఫైలులోంచి ఏడు ఫోటోలు తీసి జీపు బానెట్ మీద వరసగా పరిచాడు. నాది చివర్న పెట్టాడు. ఎనిమిది గొడుగులు.

"ఏమప్పా సెక్రటరీ, ఏడు ఇళ్లకు ఒకే గొడుగా?" అని, నా వైపు తిరిగాడు. "ఈ ఫోటోలో నవ్వతా ఉండేది నువ్వేనా?"

"నేనే సార్. పలక రాసింది గూడా నేనే," అన్నాను.

చిన్నాయన అందరి ముందూ నా చెంప పగలగొట్టాడు. మా నాయన నన్ను లాగి తన పక్కన నిలబెట్టుకున్నాడు, అంతే.

చిన్నాయన సెక్రటరీ పదవి పోయింది. రెండేళ్లు తిరక్కుండా వేరే సంఘంలో ఇంకో పదవి వచ్చింది. మోటారు గదిని ఎవరూ ముట్టుకోలేదు. అది ఇప్పటికీ ఉంది. ఏ తుఫానూ దాన్ని కదిలించలేదు, అంత మంచి సిమెంటు. దాని పక్కగా నడిచినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఆరిళ్ల పని ఆ పుష్యంలో జరిగింది. మళ్లీ ఫోటోలు తీయాలన్నారు. పలక నేనే పట్టుకుంటానని అడిగి వెళ్లాను. ఇంటింటి ముందూ నిలబడి, ఇంటివాళ్లను పిలిచి, వాళ్ల కళ్ల ముందే నంబరు రాశాను. ఒక అత్త నడుం మీద చేతులు పెట్టుకుని, "ఈ తూరి మా నంబరేనా అల్లుడా, ఇంగెవురిదన్నా రాస్తాండావా?" అంది. అనిపించుకోవాలనే వెళ్లాను, అనిపించుకున్నాను. చివరిది అవ్వ ఇల్లు. ఆమె ఎడమ చేత్తో పలకకు ఒక అంచు పట్టుకుని, "ఈసారి నేను గూడా పడతా. గొడుగు మాత్రం వద్దు," అంది.

ఆమె వేళ్లు మళ్లీ సరిగా వంగలేదు. బడి నుంచి రాగానే ఆమె పక్కన కూర్చుని విస్తళ్లు కుట్టడం నేర్చుకున్నాను. ఆమె ఆకులు ఏరి ఇచ్చేది, నేను పుల్ల గుచ్చేవాణ్ణి. ఊరు వదిలి చదువుకు పోయేదాకా, ఆరేళ్లు కుట్టాను. అది ప్రాయశ్చిత్తం అని అప్పుడు నాకు తెలియదు. ఆమెకు తెలుసేమో. ఒక్కసారి కూడా వద్దనలేదు.

ఇప్పుడు నేను రిటైరై మళ్లీ మా ఊళ్లోనే ఉంటున్నాను. పోయిన వానలకు పాత ఇళ్లు దెబ్బతింటే, మరమ్మతుల సాయం కోసం వివరాలు రాసుకోవడానికి ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇప్పుడు పలక లేదు, సెల్‌ఫోనులోనే అన్నీ. ఎవరింటికి ఆ అమ్మాయి వెళ్లినా నేనూ వెంట పోయాను. ఆ రోజు జీపులో వచ్చిన ఉద్యోగి తిరిగిచ్చిన నా పాత ఫోటో జేబులో పెట్టుకుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చూపించాను. ఇంటి మనిషి గోడ మీద చెయ్యి పెట్టి నిలబడితేనే ఫోటో తీయమన్నాను. ఆ అమ్మాయి విసుక్కోకుండా అలాగే తీసింది.

ఒక ఇంట్లో పగులు వెనక గదిలో ఉంది. కరెంటు లేదు, లోపలంతా చీకటి.

"ఫోన్లో ఏమీ కనపళ్లేదు సార్. పక్కింటి గోడ గూడా ఇట్లే పగిలుండాది గదా, ఆడ ఎలుతురుంది. ఆడ తీసుకుందామా?" అంది. ఆ అమ్మాయి మనసులో ఏ పాపమూ లేదు. ఎండలో పొద్దుటి నుంచి తిరిగి అలసిపోయింది, అంతే.

నేను ఇంటికి పోయి టార్చిలైటు తెచ్చాను. పగులు పక్కన ఆ ఇంటి ముసలాయన చెయ్యి పెట్టి నిలబడ్డాడు. నేను రెండు చేతులతో లైటు ఎత్తి పట్టుకున్నాను. వయసు కదా, వెలుగు పగులు మీద కొంచెం అటూ ఇటూ జరిగింది.

"కదలొద్దు సార్," అంది ఆ అమ్మాయి.

కదల్లేదు.