రెండో సాక్ష్యం

రోజూ పొద్దున్నే బెన్నీ వేపచెట్టు పుల్లతోనే పళ్లు తోముకుంటూ, తన చేను పక్కనే ఉన్న బెన్నీ చేను వంక ఓర్వలేక చూసేవాడు షాలేమ్‌రాజు. ఓ రోజు కల్లూరు రోడ్డు మీదికి వంగిన ఆ చెట్టు కొమ్మ విరిగిపడి, ఒక ఆటో డ్రైవర్ చెయ్యి విరిగింది. ఆదివారం చర్చిలో బెన్నీ లేచి సాక్ష్యం చెప్పాడు. "చెట్టు నాది. కొమ్మ ఎండిందని తెల్సి గూడ కొట్టియ్యలే. తప్పు నాదే." చర్చంతా "ఆమెన్" అని మారుమోగింది. ముసలి రిబ్కమ్మ కళ్లొత్తుకుంది. షాలేమ్‌రాజు ఎన్ని సాక్ష్యాలు చెప్పినా అంత గట్టి ఆమెన్ ఎన్నడూ రాలేదు. కడుపు మండి, ఉండబట్టలేక లేచాడు. "బెన్నీ మనిషిని పెట్టి కొట్టియ్యబోతే, నా గట్టు ఎక్కొద్దని ఎల్లగొట్టింది నేను! పెద్ద తప్పు నాది!" బెన్నీ ఒక్కడే మెల్లగా "ఆమెన్" అన్నాడు. అందరి చూపులూ మళ్లీ బెన్నీ మీదికే పోయాయి.